ఇతరములు

మొదట చెప్పాల్సిన వాక్యం ఇది:
ఈ కాల్ రికార్డవుతోంది.
షార్జాలో, రోలా దగ్గర, తొమ్మిదో అంతస్తులో
ముప్పై రెండు కుర్చీల్లో ఒకటి నాది.
బాకీ పడ్డవాళ్ళకి వాళ్ళ భాషలోనే ఫోన్ చేయడం ఉద్యోగం.
తెలుగువాళ్ళు నా వాటా.

గుగ్గిళ్ళ రాజనర్సు, ఏసీ డక్టుల ఫోర్‌మన్.
జీతం అయిదువేల రెండొందలు.
మూడు నెలలుగా కట్టలేదు.
అతని వేసవంతా నా తెర మీద బారులు తీరి ఉంది:
జూన్ పద్నాలుగు, ట్రావెల్ ఏజెన్సీ, ఎనిమిదొందల తొంభై.
అదే రోజు ఫార్మసీ, నూట ముప్పై.
ఆడవాళ్ళ చెప్పులు, ముప్పై అయిదు.
ఒక సూట్‌కేసు.
ఇంకా, ప్రతి సూపర్‌మార్కెట్ బిల్లు కిందా
విడిగా ఒక దిర్హం, ఒక దిర్హం, ఒక దిర్హం.
దానానికి ఒకటి కలపమంటారా అని మిషన్ అడిగిన ప్రతిసారీ
ఈ మనిషి అవునన్నాడు.
గడువు దాటిన రోజు కూడా
పెరుగు, కోడిగుడ్లు, ఒక దిర్హం.

స్క్రిప్టు చదివాను.
"రాజనర్సు గారూ, కనీస మొత్తమైనా..."
"కడత సార్. జెర ఆగున్రి."
"ఆ టిక్కెట్టు ఎవరికి?"
ఇది స్క్రిప్టులో లేదు.

"బద్వేలు దిక్కు ఆమె. నాగూరమ్మ.
పనిజేసే ఇంట్లకెల్లి బయటవడ్డది.
సర్కారోళ్ళు జుర్మానా మాఫ్ జేసిన్రు,
టిక్కెట్టు ఎవలు మాఫ్ జేస్తరు?"
"మీకేమవుతుంది?"
"ఏం గాదు.
టిక్కెట్టు దీసుటానికి చుట్టం గావాల్నా సార్?"
అతని వెనక ఎక్కడో డ్రిల్లు గోడని తొలుస్తోంది.
"చేతుల పైసల్లెవ్వు. కార్డు ఉండె.
గీకిన."

తర్వాత, గొంతు తగ్గించి,
"మిత్తి గింత వెరుగుతదని ఎరుకలే."

మా వైపు వడ్డీ అంటాం.
మిత్తి అంటే మా అమ్మమ్మకి
రాత్రిపూట తలుపు తట్టి మనిషిని పట్టుకుపోయేది.
ఇక్కడ నెలకి మూడుంబావు శాతం.
నాగూరమ్మ దిగింది, బస్సెక్కింది, ఇల్లు చేరింది,
రెండు రోజులు నిద్రపోయి లేచింది కూడా.
ఆమె కూచున్న కిటికీ పక్క సీటు మాత్రం
ఇక్కడింకా పెరుగుతోంది.
పన్నెండొందలు దాటింది.

కుడిచెయ్యి ఇస్తే ఎడమచేతికి తెలియకూడదంటారు.
రాజనర్సు రెండు చేతులూ మర్చిపోయి ఉండొచ్చు.
బ్యాంకుకి గుర్తుంది, నిమిషంతో సహా:
పగలు పదకొండూ నలభై ఏడు.

ఒక్కో ఖాతాకి ఒక్కసారి
ఆలస్య రుసుము కొట్టేసే అధికారం నాకుంది.
కారణం ఎంచుకోమంది తెర.
ఉద్యోగం పోవుట. అనారోగ్యం. ప్రయాణం. మరణం.
ఇతరములు.
నేను వెతికింది అందులో లేదు.
ఇతరములు నొక్కాను.
వివరించండి, నలభై అక్షరాలకు మించకుండా, అంది.
కర్సరు చాలాసేపు రెప్పలార్చింది.
ఆమెకి చెప్పులు లేవు, అని రాశాను.
మా సూపర్‌వైజరు మార్విన్
ఇంతవరకు ఏమీ అడగలేదు.

గొప్పేం కాదు. పోయింది బ్యాంకు డబ్బు.
మిగతాదంతా అతను కట్టాల్సిందే.
వచ్చే మంగళవారం మళ్ళీ నేనే చేస్తాను,
ఈ గొంతుతోనే,
ఇంకొంచెం గట్టిగా.

రాత్రి కిందికి దిగి, మూలమీద కొట్లో
పాలు, బ్రెడ్డు.
కార్డు పెట్టాను. ఒక దిర్హం కలపమంటారా, అంది మిషన్.
వద్దు ఎక్కడుంటుందో
ఆరేళ్ళుగా నా వేలికి చూడకుండానే తెలుసు.
ఈసారి చూడాల్సొచ్చింది.
వెనక వరసలో ఎవరో
దగ్గారు.